సిద్దిరాములు చూసే ముల్లు

డాక్టర్ రామ్‌దాస్ గారి దవాఖానాలో నేను కంపౌండర్ని. పేరు లక్ష్మీరాజం. నా గురించి ఇంతకంటే చెప్పుకోవడానికేం లేదు. ఉన్నా చెప్పను, ఎందుకంటే ఈ కథ నాది కాదు, ఆయన డ్రైవరు సిద్దిరాములుది. నాలుగేళ్ళపాటు ఆ మనిషి వెనక సీట్లో మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నిజామాబాదు నుంచి బోధన్ దాకా రోడ్డు మీదున్న దుమ్మంతా మింగాను. ఆయన మీద నాలుగు మాటలు అనే హక్కు నాకు కాక ఇంకెవరికి ఉంటుంది?

సిద్దిరాములు ఇంట్లో తాతల నాటి నుంచీ గానుగ ఆడించేవాళ్ళు. నువ్వులు, కుసుమలు, పల్లీలు, ఏవి పోసినా నూనె తీసిచ్చేవాళ్ళు. మిల్లు నూనె డబ్బాలకెక్కి అంగడికొచ్చాక గానుగ మూలబడింది. ఎద్దును అమ్మేసి, డాక్టరు గారు కొత్తగా కొన్న పాత మోటారును తుడిచే పనిలో చేరాడు. దానితోపాటు హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవరు ఆర్నెల్లకే ఈ ఊరి నీళ్ళు పడక వెళ్ళిపోయాడు. ఆ ఆర్నెల్లలో సిద్దిరాములు చూసి నేర్చుకున్న విద్యే తొమ్మిదేళ్ళుగా మమ్మల్ని మోస్తున్నది. ఇరవై ఏళ్ళు గానుగెద్దు వెనక గుండ్రంగా తిరిగినవాడికి తిన్నగా పోయే బండి దొరికితే ఎంత సంబరమో ఆయన మొహం చూస్తే తెలిసేది.

ఆ మోటారులో చెప్పుకోదగ్గవి రెండే. ఒకటి, దున్నపోతులా అరిచే హారన్. రెండోది, స్టీరింగు చక్రం ముందు పలక మీదున్న చిన్న నూనె గడియారం. పలక మీద మిగతావన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. ఇదొక్కటే బతికుంది. ఇంజన్ తిరిగేటప్పుడు లోపలి పంపు నూనెను ఎంత జోరుగా తోస్తున్నదో దాని ముల్లు చెబుతుంది. ముల్లు పైన నిలబడితే అంతా క్షేమం. పడిపోయిందంటే నూనె అందడం లేదని, లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని కాలిపోతాయని అర్థం.

సిద్దిరాములు రోడ్డు కంటే ఆ ముల్లునే ఎక్కువ చూసేవాడు. ఒకసారి ఎడపల్లి దగ్గర నా ప్రాణం గొంతులోకొచ్చింది.

"సిద్దన్నా, ముంగట బర్రె ఉన్నది!" అని అరిచాను.

"బర్రె తప్పుకుంటది తియ్యి. ముల్లు పడితే లేపెటోడెవ్వడు?" అన్నాడు, తల తిప్పకుండా.

బర్రె తప్పుకుంది. బర్రె బుద్ధిమంతురాలు.

నూనె విషయంలో మాత్రం ఆయనతో వాదన పెట్టుకునే మొనగాడు మా జిల్లాలో లేడు. ఇంజన్ నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వాసన చూసి, ఇది పోసి ఎన్నాళ్ళయిందో చెప్పేవాడు. నిజమో కాదో తేల్చుకునే దారి మాకెవరికీ లేదు కాబట్టి ఔననేవాళ్ళం.

ముప్పై ఎనిమిదో సంవత్సరం అనుకుంటా. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా లేచిన రోజులు. కాలువ నీళ్ళు వచ్చాక చెరకు వచ్చింది, చెరకుతో కూలీలు వచ్చారు, అందరికంటే ముందు దోమలు వచ్చాయి. కూలీల గుడిసెల్లో చలిజ్వరాలు. వారానికి రెండుసార్లు మేము క్వినైన్ సీసాలు నింపుకుని బయల్దేరేవాళ్ళం.

ఆ ఏడు దసరా బాగా జరిగింది. పొద్దున మోటారుకు పూజ చేశాం. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి పోయి ఆకు తెచ్చుకున్నాం. మా దిక్కు ఆ రోజు జమ్మి ఆకే బంగారం. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు మొక్కుతారు, పెద్దవాళ్ళు దీవిస్తారు. డాక్టరు గారు తల్లి రాధాబాయి గారికి పెట్టారు, పక్కింటి వకీలు గారికి పెట్టారు, వీధిలో తల నెరిసిన ప్రతివాళ్ళకూ వంగి వంగి పెట్టారు. సిద్దిరాములు వచ్చి డాక్టరు గారి చేతిలో ఆకు పెట్టి దండం పెడితే "ఆఁ, ఆఁ" అని తీసుకున్నారు. సిద్దిరాములుకు యాభై దాటాయి. డాక్టరు గారికి నలభై లేవు. ఎవరు ఎవరికి పెట్టాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు, నాకూ రాలేదు.

పండగయిన నాలుగో రోజు, సోమవారం, బోధన్ బయల్దేరాం. జానకంపేట ఇంకా రాలేదు. సిద్దిరాములు ఉన్నట్టుండి ఇంజన్ ఆపేసి బండిని పక్కకు దొర్లించాడు.

"ఏమైంది?" అన్నారు డాక్టరు గారు.

"ముల్లు పడ్డది సాబ్."

దిగి నూనె కొలిచే కడ్డీ తీసి చూశాడు. నిండా ఉంది. ఒక బీడీ కాల్చేంతసేపు ఆగి మళ్ళీ తిప్పాడు. ముల్లు ఏమీ ఎరగనట్టు నిటారుగా లేచి నిలబడింది. రెండు మైళ్ళు పోయామో లేదో మళ్ళీ పడింది. మళ్ళీ ఆగాం. అలా నాలుగుసార్లు. నాలుగోసారికి డాక్టరు గారి సహనం కూడా ముల్లులాగే పడిపోయింది.

"అక్కడ మనుషులు జరంతో వణుకుతుండ్రు. నువ్వు ముల్లు, ముల్లు అనుకుంట కూసున్నవు. పోనియ్యి!"

"పోనియ్య సాబ్," అన్నాడు సిద్దిరాములు. "తిట్టుండ్రి, పడ్త. ముల్లు పడినంక మాత్రం తోల."

ఎట్లాగో బోధన్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. తిరిగి వచ్చేటప్పుడూ అదే తంతు.

మర్నాడు ఆత్మారాం మిస్త్రీని పిలిపించారు. పట్నంలో మోటార్ల పని చేసొచ్చానని చెప్పుకుంటాడు, టోపీ కూడా పెట్టుకుంటాడు. ఆయన బానెట్ ఎత్తి, ఒక నిమిషం వంగి, దించేశాడు.

"బేరింగులు ఖతం. నూనె లేకుండ తోలితె గిట్లనే అయితది. ఇంజన్ మొత్తం ఇప్పాలె. దానికన్న అమ్ముకునుడు నయ్యం."

నూనె లేకుండా తోలాడట! సిద్దిరాములు మొహం చూడలేక నేను సీసాలు తుడవడం మొదలుపెట్టాను. డాక్టరు గారు తల ఎత్తకుండా అడిగారు.

"నిజం చెప్పు సిద్దిరాములూ. నూనె సూసుకున్నవా లేదా?"

"నన్నా సాబ్ అడుగుతుండ్రు?" అన్నాడాయన. 

డాక్టరు గారు చెడ్డమనిషి కాదు. కానీ చదువుకున్నవాళ్ళకు టోపీ పెట్టుకున్నవాడి మాట మీద గురి ఎక్కువ. రెంజల్‌లో చెరకు పండించే బాపురావు ఎప్పటినుంచో ఆ మోటారు అడుగుతున్నాడు. ఇంజన్ బాగు చేయించుకుని చెరకు గానుగకు బిగించుకుంటాడట. అతనికి గురువారం రమ్మని కబురు పోయింది. హైదరాబాదు నుంచి కొత్త మోటారు వస్తుందనీ, దానితో వాళ్ళ డ్రైవరే వస్తాడనీ డాక్టరు గారు గోడ వైపు చూస్తూ చెప్పారు.

"గురువారం గద సాబ్," అన్నాడు సిద్దిరాములు. "బుధవారం నాకియ్యుండ్రి. ఒక్క దినం."

డాక్టరు గారు తల ఊపారు.

బుధవారం పొద్దున్నే సిద్దిరాములును తీసుకురావడానికి ఇంటికి వెళ్ళాను. భార్య చంద్రవ్వ వాకిట్లోనే పట్టుకుంది.

"తమ్మీ, నిన్నటిసంది ముద్ద ముట్టలే. పోతే పోయింది నౌకరి, గానుగ రోలు ఇంక పెరట్లనే ఉన్నది, ఎద్దును తెచ్చుకుందామంటె నా మీదికి లేస్తుండు. నూనె లేకుండ తోలిండని పేరు పడ్డోని తాన నూనె ఎవడు కొంటడే అంటుండు."

అప్పుడు గానీ నాకు సంగతి పూర్తిగా అర్థం కాలేదు. పోయేది నౌకరీ ఒక్కటే కాదు. నూనెలో పుట్టి నూనెలో పెరిగిన మనిషికి నూనె చూసుకోలేదన్న పేరు వచ్చింది. ఆ మాటతో బతకడం కష్టం. నాకు ఆత్మారాం టోపీ మీద చాలా కోపం వచ్చింది.

దవాఖానా పెరట్లో మోటారు పెట్టి సిద్దిరాములు పని మొదలుపెట్టాడు. మొదటి అనుమానం ముల్లు మీదే. ముల్లే అబద్ధం చెబుతుందేమో? గడియారానికి నూనె తెచ్చే సన్నటి రాగి గొట్టం ఊడదీసి, ఇంజన్ తిప్పమని నాకు చెప్పి, గొట్టం మూతి నా ఔన్సు గ్లాసులో పెట్టాడు. అది మందులు కొలిచే గ్లాసు! నేను అరిచిన అరుపు ఇంజన్ చప్పుడులో కలిసిపోయింది. మొదట నూనె జివ్వున చిమ్మింది. కాసేపటికి ధార సన్నబడి, బొట్లుబొట్లుగా పడింది.

"ముల్లు సత్తెమే చెప్తున్నది," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది.

రెండో అనుమానం నూనె మీద. పల్చబడిందేమో? అద్దం ముక్కను వాలుగా నిలబెట్టి, దాని మీద కొత్త నూనె చుక్క ఒకటి, ఇంజన్ నూనె చుక్క ఒకటి వదిలాడు. రెండూ అత్తాకోడళ్ళు గుడికి పోయినట్టు పక్కపక్కనే, నెమ్మదిగా దిగాయి. పల్చబడలేదు.

మూడోది బేరింగులు. రబ్బరు చిరిగిన పాత స్టెతస్కోపు ఒకటి నా బీరువాలో పడి ఉంటే అడిగి తీసుకుని, చెవులకు పెట్టుకుని ఇంజన్‌కు ఆనించాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు.

"కొట్టుకుంటలేదు. బేరింగులు అరిగితె టకటక కొట్టుకోవాలె."

ముల్లు పడేదాకా ఇంజన్ తిప్పాడు. పడగానే ఆపి, బీడీ ముట్టించి, అది అయిపోయాక నా చెయ్యి పట్టుకుని ఇంజన్ మీద పెట్టాడు. చురుక్కుమంది.

"సల్లారిందా?"

"సల్లారుడా? చెయ్యి కాలింది!"

"ఇప్పుడు సూడు." తిప్పాడు. ముల్లు నిటారుగా లేచింది. "బేరింగులు అరుగుడే అయితె, వేడికి నూనె పల్చబడి సందుల్లకెల్లి జారి, వేడి ఉన్నంతసేపు ముల్లు పండుకునే ఉండాలె. వేడి దిగకముందే ఎందుకు లేస్తున్నది?"

"అలసట తీరిందేమో," అన్నాను.

ఆయన నన్ను ఒక చూపు చూశాడు. ఆ చూపు గురించి రాయను.

ఇక ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. సూదులు ఉడికించే స్టవ్వులోకి కిరసనాయిలు కావాలి నాకు. డబ్బాలో రబ్బరు గొట్టం వేసి నోటితో పీల్చి సీసాలోకి వదలడం నా రోజువారీ పని. ఆ రోజు పీలిస్తే రాలేదు. గట్టిగా పీల్చాను, అస్సలు రాలేదు. విసుగొచ్చి వదిలేసి, కాసేపాగి మళ్ళీ పీలిస్తే చక్కగా వచ్చింది, వచ్చి మళ్ళీ ఆగింది. డబ్బాలోకి తొంగిచూస్తే గడ్డిపరక ముక్కలు రెండు మూడు తేలుతున్నాయి.

"మల్ల పీల్చు," అన్నాడు సిద్దిరాములు, ఎప్పుడు లేచి వచ్చాడో పక్కనే నిలబడి.

పీల్చాను. గడ్డి ముక్కలు వచ్చి గొట్టం మూతికి అతుక్కున్నాయి.

"ఇడిసిపెట్టు."

వదిలాను. రాలిపోయాయి.

"మల్ల పీల్చు."

మూడుసార్లు పీల్పించాడు. నా నోరంతా కిరసనాయిలు. ఆయన మాత్రం సొంత పెళ్ళి కుదిరినట్టు నవ్వుతున్నాడు.

"పీల్చినప్పుడు అతుక్కుంటది. ఆపితె రాలుతది. వేడితోని పనిలేదు. పంపు మూతికి జల్లెడ తీరు జాలి ఉంటది లక్ష్మీరాజం, దానికి ఏందో అడ్డం పడుతున్నది. నా ఇంజన్‌కు ఏం కాలే!"

గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. నూనె అంతా గంగాళంలోకి దించి, ఇంజన్ అడుగున ఉండే నూనె తొట్టి మరలు ఒక్కొక్కటే విప్పాడు. తొట్టి దింపి బయటికి తోశాడు. ఇద్దరం తలలు ఆనించి చూశాం. పంపు మూతి జాలి నిండా సన్నసన్నటి ఆకులు. నల్లగా నాని, ఉబ్బి, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేము ఇంజన్‌ను తవ్వి ఆకును పట్టాం.

సిద్దిరాములు ఒకదాన్ని వేళ్ళ మధ్య రాసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"జమ్మి," అన్నాడు. "సన్నటాకు కాబట్టి మూడు దినాలు పైన తేలింది. నానినంక కిందికి దిగింది."

నాకు దసరా సాయంత్రం ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. సిద్దిరాములు ఇంటికి వెళ్ళిపోయాడు. నేను బీరువా తాళాలు ఇవ్వడానికి పెరట్లోంచి వస్తున్నాను. మోటారు బానెట్ ఎత్తి ఉంది. ఒక చేతిలో మూత, ఇంకో చేతి గుప్పెట్లో ఏదో పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నారు డాక్టరు గారు. వసారాలోంచి రాధాబాయి గారు ఏదో చెబుతున్నారు. ఈయనకు మోటారు పని ఎప్పుడొచ్చిందబ్బా అనుకుని నా దారిన నేను పోయాను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అంతా చెప్పేశాను. చెప్పి, "పా, ఇప్పుడే పోయి అడుగుదాం. చేసింది ఆయన, మాట పడ్డది నువ్వా?" అన్నాను.

సిద్దిరాములు జాలి మీది ఆకులను గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"నోరు మూసుకో," అన్నాడు. "జరమొచ్చినోణ్ణి డాక్టర్ సాబ్ ఎన్నడన్న అడిగిండా, ఎవ్వని తాన అంటించుకున్నవురా అని? మందిచ్చి పంపిస్తడు. నేను గూడ గంతే. రోగం సూపెడ్త. తెచ్చినోని పేరు నేను చెప్ప."

"మరి నీ పేరో?"

ఆయన లేచి జాలి కడిగాడు. తొట్టికీ ఇంజన్‌కూ మధ్య వేసే అట్ట చిరిగిపోతే, నా దూది పెట్టె అట్టను కోసి, నూనెలో నానబెట్టి బిగించాడు. ఆకులన్నీ ఏరి ఒక ఇత్తడి పళ్ళెంలో పెట్టుకున్నాడు.

గురువారం బాపురావు వచ్చాడు. తనకు ఇంజన్ చూడడం రాదు కాబట్టి ఆత్మారాంను వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరు గారు వసారాలోకి వచ్చి నిలబడ్డారు. రాధాబాయి గారు తలుపు దగ్గరున్నారు. సిద్దిరాములు మోటారు తిప్పి వదిలేశాడు. పావుగంట, అరగంట. ముల్లు మేకు కొట్టినట్టు కదల్లేదు. అప్పుడు పళ్ళెం తెచ్చి డాక్టరు గారి ముందు మెట్టు మీద పెట్టాడు.

"పంపు మూతికి ఇవి అడ్డం పడ్డయి సాబ్. తీసిన. గంతే."

డాక్టరు గారు పళ్ళెంలోకి వంగి చూశారు. ఆయన మొహంలో రంగు మారడం నేను స్పష్టంగా చూశాను. మింగలేరు, కక్కలేరు.

ఆత్మారాం ఊరుకుంటే బాగుండేది. "ఎవ్వడో కావాల్నని ఏసిండు. నూనె పోసె మూత తీసుడు డ్రైవర్‌కు కాక ఇంకెవ్వనికి ఎరుక? ఈన్నే అడుగుండ్రి," అన్నాడు.

అందరూ సిద్దిరాములు వైపు తిరిగారు. ఆయన భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నా నాలుక మీద నువ్వుగింజ ఎగిరెగిరి పడుతోంది. పళ్ళు బిగబట్టాను.

"నేనే ఏసిన," అన్నారు డాక్టరు గారు.

బాపురావు సరిగా వినపడలేదన్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నేనే ఏసిన అంటున్న. తిజోరిల పెట్టు, మందుల బీరువల పెట్టు, ఏడాదంత మోసే మోటరుకు గూడ ఇంత బంగారం పెట్టు బిడ్డా అన్నది అవ్వ. దానికి నోరు ఎక్కడున్నదో ఎతికి, నోట్ల పోసిన."

మనిషి కడుపులోకి ఏది ఎన్ని ఔన్సులు పోవాలో చుక్కలతో సహా లెక్క చెప్పే మనిషి! రాధాబాయి గారు "అయ్యో నా తండ్రీ, సీటు మీద పెట్టమన్న గదరా!" అన్నారు. బాపురావు నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. ఆత్మారాం టోపీ తీసి లోపల ఏదో వెతుక్కున్నాడు.

డాక్టరు గారు నవ్వలేదు. మెట్లు దిగి సిద్దిరాములు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"తొవ్వల నాలుగుసార్లు ఆపినవు. ఆపినందుకు తిట్టిన. నువ్వు ఆపకపోతె ఇంజన్ నిజంగనే కాలిపోతుండె. నూనె సూసుకున్నవా అని నిన్ను అడిగిన. తప్పు నాదే."

"జానే దో సాబ్, పోనియ్యుండ్రి," అన్నాడు సిద్దిరాములు.  కళ్ళు తుడుచుకోబోయి, చేతికి నూనె ఉందని గుర్తొచ్చి ఆగాడు. నాకు మాత్రం నూనె లేదు కాబట్టి నేను తుడుచుకున్నాను.

బేరం అక్కడితో ఆగిపోయింది. కొత్త మోటారు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బాపురావు వట్టి చేతులతో పోకుండా ఈ కథను రెంజల్ దాకా మోసుకుపోయాడు, వారం తిరిగేలోపు పక్కనే ఉన్న మరాఠీ ఊళ్ళ సంతలో వాళ్ళ భాషలో కూడా చెప్పుకున్నారు. ఎవరి మోటారు మొరాయించినా సిద్దిరాములు దగ్గరికి మనిషి రావడం అప్పటినుంచే మొదలైంది. నా చిరిగిన స్టెతస్కోపు మళ్ళీ నా బీరువా మొహం చూడలేదు.

మరుసటి దసరా సాయంత్రం జమ్మి దగ్గర్నుంచి అందరం తిరిగొచ్చాం. రాధాబాయి గారికి ఆకు పెట్టి, గుప్పెడు ఆకు పట్టుకుని డాక్టరు గారు నేరుగా మోటారు వైపు నడిచారు. అది చూసి సిద్దిరాములు పరుగున వెళ్ళి, బానెట్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"వద్దు సాబ్! దండం పెడ్త. దానికి వద్దు!"

"దానికి గాదు," అన్నారు డాక్టరు గారు. "చెయ్యి సాపు సిద్దన్నా."

ఆయన అరచేతిలో ఆకు పెట్టి, వంగి, కాళ్ళకు మొక్కారు. సిద్దిరాములు ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు ఆయన తన నల్లటి చెయ్యి డాక్టరు గారి తల మీద పెట్టి, "సల్లగుండు బిడ్డా," అన్నాడు.